గుంటూరు బోర్డు దించేశాక

మా షాపులో కటింగ్ మెషిన్ వెనకాల ఒక బోర్డు గోడకి ఆనించి ఉంటుంది, రాత ఉన్న వైపు గోడకి తిప్పి. ఆరడుగుల బోర్డు, యాక్రిలిక్ అక్షరాలు, లోపల లైట్లు, అప్పట్లో పద్దెనిమిది వేలు పెట్టి చేయించాను. కొత్తగా వచ్చినవాళ్ళు శుభలేఖల శాంపిళ్ళు తిరగేస్తూ అదేంటి అని అడుగుతారు. గుంటూరు బ్రాంచి బోర్డండీ అంటాను. బ్రాంచి ఎక్కడ అంటారు. మూసేశానండీ అంటాను. "అయ్యో" అంటారు, ఇంట్లో ఎవరో పోయారని చెప్పినట్టు. మొదట్లో ఆ అయ్యో వినలేక దాని మీద పాత ఫ్లెక్సీ కప్పి ఉంచేవాణ్ణి. ఇప్పుడు కప్పట్లేదు. అమ్మేద్దామన్నా ఎవడూ కొనడు, దాని మీద నా పేరుంది మరి.

నాది తెనాలి. మాది చిన్న ప్రింటింగ్ ప్రెస్సు, ఇద్దరు పనివాళ్ళు, నేను, సాయంత్రాలు మా ఆవిడ. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, స్కూళ్ళ ప్రోగ్రెస్ కార్డులు, ఇవే మా తిండి. ఇది ఎలా పెద్దవాడినయ్యానో చెప్పే కథ కాదు, పెద్దవాణ్ణి అయిపోవాలని పరిగెత్తి మళ్ళీ ఉన్న చోటికే ఎలా వచ్చానో, వచ్చాక ఏం లెక్క వేసుకున్నానో చెప్పడానికి కూర్చున్నాను. ఎవరైనా చిన్న వ్యాపారం చేస్తూ రెండో షాపు గురించి ఆలోచిస్తుంటే నా అంకెలన్నా పనికొస్తాయేమో చూడండి.

మా నాన్న కంపోజిటర్. సీసం అక్షరాలు ఒక్కొక్కటే కేసులోంచి తీసి స్టిక్‌లో పేర్చే పని. ఇంగ్లీషుకైతే ఇరవయ్యారు అక్షరాలు, పెద్దవీ చిన్నవీ కలిపినా ఓ వంద గళ్ళతో అయిపోతుంది. తెలుగుకి గుణింతాలు, వత్తులు, వత్తుకి మళ్ళీ గుణింతం, ఎన్ని గళ్ళో, ఏది ఎక్కడుందో ఆయన చేతికే తెలుసు, కళ్ళు మాత్రం రాతప్రతి మీదే ఉండేవి. పేర్చిన అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి కదా, వాటిని అలాగే గడగడా చదివేసేవాడు. తర్వాత సొంతంగా ఒక ట్రెడిల్, అంటే కాలితో తొక్కి నడిపే అచ్చు మెషిన్, కొనుక్కున్నాడు. నేను డిగ్రీ అయ్యాక 2006లో దాన్ని తూకానికి అమ్మేశాం, సీసం వేరుగా, ఇనుము వేరుగా. ఆ డబ్బుకి కొంత కలిపి ఒక కంప్యూటర్, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్, అనూ అనే తెలుగు ఫాంట్లు, స్క్రీన్ ప్రింటింగ్ సామాను. 2010లో ఒక మినీ ఆఫ్‌సెట్, అంటే చిన్న ప్రింటింగ్ మెషిన్. అప్పు లేదు, మిగులూ పెద్దగా లేదు. శ్రావణం, కార్తీకం, మాఘం, వైశాఖం వస్తే నిద్ర ఉండదు, ఆషాఢం, మూఢం వస్తే రోలర్లు కడుక్కుంటూ కూర్చోవడం. అదీ మా జీవితం.

2015లో మా బంధువుల ఇంట్లో ఒక గృహప్రవేశం జరిగింది. భోజనాల దగ్గర మా ఆవిడ పెదనాన్న, ఆయనకి మూడు ఎరువుల షాపులున్నాయి, నా పక్కనే కూర్చుని పెరుగు వడ్డించుకుంటూ "ఇంకా అదే షాపేనా అల్లుడూ?" అన్నాడు. చెడుగా ఏం అనలేదు, మామూలుగా అడిగినట్టే అడిగాడు. కానీ ఆ "ఇంకా" అనే మాట నా గొంతులో ముద్దకి అడ్డం పడింది. తొమ్మిదేళ్ళుగా అదే షాపు, అదే అద్దె, అదే షట్టరు. నాతో చదివినవాడు ఒకడు విజయవాడలో ఫ్లెక్సీ మెషిన్లు రెండు పెట్టాడు, ఇంకొకడు రియల్ ఎస్టేట్‌లోకి దిగి కారు మార్చాడు. నేను మాత్రం బిల్లు పుస్తకాలకి నంబర్లు గుద్దుకుంటున్నాను.

అది సరిగ్గా అమరావతి ఊపు మీదున్న కాలం. 2015 అక్టోబర్ 22న ఉద్దండరాయునిపాలెంలో రాజధానికి శంకుస్థాపన జరిగింది. గుంటూరు, విజయవాడ మధ్య ఎక్కడ చూసినా వెంచర్లే, ప్రతి వెంచర్‌కీ బ్రోచర్లే. నిగనిగలాడే ఆర్ట్ పేపరు, నాలుగు రంగులు, లేఅవుట్ మ్యాపు, ఎక్కడా లేని ఫౌంటెన్ బొమ్మ. ఆ పనులన్నీ తెనాలిలో ఉన్న నాకు రావు, గుంటూరులో ఉంటే వస్తాయి. అందుకని అరండల్‌పేటలో ఒక షెడ్డూ, ముందు చిన్న ఆఫీసు గదీ అద్దెకి తీసుకున్నాను. సెకండ్ హ్యాండ్ రెండు రంగుల ఆఫ్‌సెట్ ఒకటి, బిగింపుతో సహా పదకొండు లక్షలు. ముద్ర లోను ఎనిమిది లక్షలు వచ్చింది, మా ఆవిడ బంగారం బ్యాంకులో పెట్టి మూడు, తెలిసినవాళ్ళ దగ్గర రెండు రూపాయల వడ్డీకి ఐదు. అడ్వాన్సు, కరెంటు మీటరు, కంప్యూటర్లు, బోర్డు పోను చేతిలో మిగిలింది ఒక నెల కాగితానికి సరిపోయే డబ్బు.

2016 మాఘంలో ఓపెనింగ్. నాన్న వచ్చాడు. అందరూ బోర్డు కింద నిలబడి ఫోటోలు దిగుతుంటే ఆయన లోపలికెళ్ళి మెషిన్ దగ్గర నిలబడ్డాడు. ఒక షీటు తీసి కళ్ళద్దాలు పైకి తోసి చూసి "రిజిస్టర్ బాగా కూర్చుంటోందిరా" అన్నాడు, రంగు మీద రంగు తేడా లేకుండా పడుతోందని. తర్వాత అడిగాడు. "రోజుకి ఎంత కాగితం తినాలిరా ఇది?"

నేను నవ్వేశాను. ఎంత పెడితే అంత తింటుంది అన్నాను. ఆయన అడిగింది అది కాదు. అద్దె, వాయిదా, వడ్డీ, జీతాలు గిట్టాలంటే రోజుకి ఎన్ని రీములు ఆడాలి అని, రీము అంటే ఐదు వందల షీట్లు. ఆ ప్రశ్నకి జవాబు తెలుసుకోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

మొదటి ఎనిమిది నెలలు బాగానే నడిచింది, అదే కొంప ముంచింది అనుకుంటాను ఇప్పుడు. పని ఉంది, మెషిన్ ఆడుతోంది, రాత్రి పన్నెండింటికి కూడా ఆడుతోంది. మెషిన్ ఆడుతుంటే డబ్బు వస్తోందనే అనిపిస్తుంది, ఆ చప్పుడుకి ఉన్న మత్తు అలాంటిది. బ్రోచర్లు వెళ్ళిపోయేవి, డబ్బులు "నెలాఖరుకి అన్నా" అనేవాళ్ళు. ఆ నెలాఖరు ఏ నెలదో చెప్పేవాళ్ళు కాదు.

నవంబర్ 8న నోట్ల రద్దు. కార్తీక మాసం, పెళ్ళిళ్ళ సీజన్ నడిమధ్యలో. వాయిదా వేసుకున్నవాళ్ళు వేసుకున్నారు. పెళ్ళి ఇంటివాళ్ళు తమ ఖాతాలోంచి 2.5 లక్షల దాకా తీసుకోవచ్చని, అందుకు శుభలేఖ కూడా చూపించాలని అన్నాక మాత్రం ఒక విచిత్రం జరిగింది. "అన్నా, ముందు ఒక్క పది కార్డులు కొట్టివ్వు, బ్యాంకులో చూపించాలి" అంటూ వచ్చారు జనం. దేవుడి దగ్గర పెట్టాల్సిన మొదటి కార్డు మేనేజర్ టేబుల్ మీదకి వెళ్ళింది. ఆ పది కార్డులకి నాకు ఇవ్వడానికి మాత్రం వాళ్ళ దగ్గర పాత నోట్లే ఉండేవి.

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. అందరూ తిట్టుకున్నారు గానీ మా ప్రెస్సులవాళ్ళకి అది పండగే. ఊళ్ళో ప్రతి షాపుకీ పాత బిల్లు పుస్తకాలు పనికిరాకుండా పోయాయి, కొత్త నంబరు, కొత్త గడులు, అందరికీ వారంలో కావాలి. తెనాలి షాపులో మూడు నెలలు మినీ ఆఫ్‌సెట్ ఆగలేదు. ఆ డబ్బు మొత్తం ఎటు పోయిందో తెలుసా, గుంటూరు వాయిదాలకి. బుద్ధున్నవాడు అక్కడ ఆగి ఆలోచించేవాడు, చిన్న మెషిన్ పెద్ద మెషిన్‌ని ఎందుకు పోషిస్తోందని. నేను ఆలోచించలేదు. "రెండు షాపులూ ఒకదానికొకటి తోడు" అని మా ఆవిడకి చెప్పాను.

ఇక శుభలేఖ సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఊగిసలాడాను.

పొద్దున తెనాలి, మధ్యాహ్నం గుంటూరు, మళ్ళీ రాత్రి నందివెలుగు మీదుగా బండి మీద ఇంటికి. ఈ తిరుగుడులో నేను ప్రూఫ్ చదవడం మానేశాను. డీటీపీ కుర్రాడు, అంటే కంప్యూటర్‌లో మ్యాటర్ కూర్చేవాడు, వాట్సాప్‌లో పంపేవాడు, బండి ఆపి ఫోన్‌లో పైపైన చూసి బొటనవేలు బొమ్మ పెట్టేవాణ్ణి. మా నాన్న కాలంలో ప్రూఫ్ అంటే ఇద్దరు కూర్చునేవాళ్ళు, ఒకరు రాతప్రతి పట్టుకుంటే ఇంకొకరు పైకి చదవడం, కామాతో సహా. 2018 ఆషాఢం ఆఖర్లో, శ్రావణం పెళ్ళిళ్ళ కార్డులు హడావుడిగా పోతున్నప్పుడు, ఒక పెళ్ళి ముహూర్తం రాత్రి 2.37కి. మనవాళ్ళకి తెల్లవారేదాకా పాత రోజే లెక్క కదా, అందుకని "బుధవారం రాత్రి 2.37 ని.లకు, తెల్లవారితే గురువారం" అని వేస్తాం. కుర్రాడు కొత్తవాడు. పన్నెండు దాటితే గురువారమే కదా అని సొంత తెలివితో బుధవారం తీసేసి గురువారం పెట్టాడు, "తెల్లవారితే" తీసేశాడు, "రాత్రి" మాత్రం ఉంచాడు. అంటే కార్డు నమ్మినవాడు గురువారం రాత్రికి వస్తాడు, అప్పటికి పెళ్ళి అయిపోయి పందిరి కూడా విప్పేసి ఉంటారు.

ఆరు వందల కార్డులు. రెండు వందలు పంచేశాక ఎవరో పంతులుగారు చూసి చెప్పారట.

పెళ్ళికూతురి తండ్రి ఫోన్ చేసి తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. రమ్మన్నాడు. వెళ్ళాను. పసుపు రాసిన కార్డులు చాప మీద వరసగా ఆరేసి ఉన్నాయి. ఆయన ఒకటి తీసి నా చేతికిచ్చి చదవమన్నాడు, పైకి. శ్రీరస్తు నుంచి మొదలుపెట్టి జానక్యాః శ్లోకం దాటి ముహూర్తం దగ్గరికి వచ్చేసరికి నా గొంతు ఆగిపోయింది. "మా పెళ్ళి కార్డు కూడా మీ నాన్నగారే వేశారయ్యా" అన్నాడాయన, అంతే. కార్డులన్నీ మళ్ళీ వేసిచ్చాను, డబ్బు తీసుకోలేదు, పంచిన రెండు వందల ఇళ్ళకీ నేనే బండేసుకుని తిరిగి పాత కార్డు వెనక్కి తీసుకుని కొత్తది ఇచ్చాను. నాలుగు రోజులు పట్టింది. ప్రతి గుమ్మం దగ్గరా "నేనే అండీ తప్పు వేసింది" అని చెప్పాలి. కొందరు మంచినీళ్ళిచ్చారు.

ఇది జరిగాక మారిపోయాను అని రాస్తే చదవడానికి బాగుంటుంది. మారలేదు. ఆ కుర్రాణ్ణి తిట్టి మాన్పించాను, ఇంకొకణ్ణి పెట్టాను, మళ్ళీ పరుగు. తప్పు వాడిది కాదని నాకు లోపల తెలుసు. వాడికి తర్వాత ఒకసారి ఫోన్ చేసి చెప్పాను ఆ మాట, కానీ దానికి మూడేళ్ళు పట్టింది.

నాన్న 2019 మాఘంలో పోయాడు. ఆయన పెద్దకర్మ కార్డు నేనే కంపోజ్ చేసుకున్నాను, ఎదురుగా కూర్చుని ప్రూఫ్ చదివే మనిషి లేడు.

అదే ఏడు ఎన్నికలు. ఏప్రిల్ 11న పోలింగ్. కరపత్రాలు, స్టిక్కర్లు, మెషిన్‌కి ఊపిరాడలేదు. ఎన్నికల కరపత్రం మీద వేసిన ప్రెస్సు పేరు, చిరునామా కచ్చితంగా ఉండాలి, 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127ఏ సెక్షన్, లేకపోతే జైలు కూడా. కాబట్టి కాగితం పైన అభ్యర్థి ఫోటో, అడుగున నా పేరు, డబ్బు మాత్రం ఎక్కడా లేదు. ఓడిపోయినవాడి దగ్గర అడగలేం, గెలిచినవాడి దగ్గరికి వెళ్ళనే లేం. రెండు రకాల బాకీలూ నా దగ్గర ఉన్నాయి. ఇప్పటికీ.

డిసెంబర్‌లో అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది. వారం తిరక్కుండా ఫోన్లు ఎత్తడం మానేశారు బ్రోచర్లవాళ్ళు. ఒక సంస్థ నాకు నాలుగు లక్షల పైన ఇవ్వాలి, ఆఫీసుకెళ్తే టు లెట్ బోర్డు ఉంది. ఆ బోర్డు కూడా నేను వేసిందే. చిన్న సంస్థల దగ్గర సరుకు తీసుకున్నవాడు 45 రోజుల్లో డబ్బు కట్టాలని, కట్టకపోతే బ్యాంకు రేటుకి మూడింతలు వడ్డీ ఇవ్వాలని 2006 నుంచే చట్టం ఉందని నాకు ఆ తర్వాతెప్పుడో తెలిసింది. కానీ అందుకు మనకి రిజిస్ట్రేషన్ ఉండాలి. నాకు అద్దె కట్టడానికే తీరిక లేదు, రిజిస్ట్రేషన్ ఒకటా.

తర్వాత 2020 ఉగాది రోజు నుంచి లాక్‌డౌన్. ఏప్రిల్, మే ముహూర్తాలకి వేసిన కార్డులు కట్టలు కట్టలుగా షాపులో ఉండిపోయాయి, తీసుకెళ్ళేవాడు లేడు.

ఆ లాక్‌డౌన్‌లో మా ఆవిడ ఒక పని చేసింది. ఆమె బీకాం, పెళ్ళయ్యాక లెక్కల జోలికి రాలేదు, నేను రానివ్వలేదు అంటే సరిగ్గా ఉంటుంది. నాలుగేళ్ళ బిల్లు పుస్తకాలు, కాగితం షాపు రసీదులు, కరెంటు బిల్లులు అన్నీ ముందు గదిలో పోసి "ఏవండీ, ఏ పనిలో మనకి ఎంత మిగిలిందో చూద్దాం, మొత్తం వద్దు, ఒక్కో పనికి" అంది. పదకొండు రోజులు కూర్చున్నాం. మొదటి మూడు రోజులు నాకు ఒళ్ళు మండిపోయింది, ప్రతి అంకె దగ్గరా ఏదో ఒక వంక చెప్పాను. నాలుగో రోజు నుంచి నోరు మూసుకున్నాను.

ఒక్క బ్రోచర్ లెక్క చెప్తాను. ఐదు వేల కాపీలు, బిల్లు అరవై వేలు. కాగితం, అచ్చు వేసే ప్లేట్లు, ఇంకు, లామినేషన్ కలిపి నలభై ఆరు వేలు. పద్నాలుగు వేలు మిగిలిందని నేను అనుకునేవాణ్ణి. జీతాలు, అద్దె, కరెంటులో ఆ పని వాటా ఎనిమిది వేలు. మిగిలింది ఆరు. నేను పెట్టిన యాభై నాలుగు వేలకి రెండు రూపాయల వడ్డీ నెలకి వెయ్యిన్నీ ఎనభై. అంటే ఐదున్నర నెలల్లో డబ్బు రాకపోతే లాభం సున్నా. వాళ్ళు సగటున ఏడు నెలలకి ఇచ్చారు, ఇచ్చేటప్పుడు "రౌండ్ ఫిగర్ చెయ్యన్నా" అని ఓ ఐదు వేలు కోసి ఇచ్చారు. నిగనిగలాడే ప్రతి బ్రోచర్‌కీ నేను ఎదురు డబ్బు కట్టానన్నమాట. ఇలాంటివి నాలుగేళ్ళలో ఎన్ని వేశానో లెక్కపెట్టాం గానీ ఆ అంకె ఇక్కడ రాయను.

అదే బిల్లు పుస్తకం. ఇరవై పుస్తకాలు వేస్తే ఎనిమిది వందలు మిగులుతుంది, కిరాణా కొట్టాయన వచ్చి డబ్బిచ్చి సంచిలో వేసుకుని పోతాడు. నేను సిగ్గుపడిన పని అది. పద్నాలుగేళ్ళు మా ఇంట్లో పొయ్యి వెలిగించింది అదీ, శుభలేఖలూ.

నాన్న అడిగిన ప్రశ్నకి కూడా అప్పుడే జవాబు దొరికింది. ఆ పెద్ద మెషిన్ రోజుకి పద్నాలుగు రీములు తినాలి, అదీ రోజూ, ఆషాఢంలో కూడా, మూఢంలో కూడా. నేను పెట్టింది సగటున ఆరు.

ఆగస్టులో గుంటూరు ఖాళీ చేశాను. మెషిన్ ఐదు లక్షల నలభై వేలకి పోయింది. లారీలోకి ఎక్కిస్తుంటే ఏడుస్తాననుకున్నాను, రాలేదు, మెడ నొప్పి మాత్రం తగ్గింది, నిజంగా, రెండేళ్ళుగా ఉన్న నొప్పి. కష్టమైనది మెషిన్‌మేన్‌కి చెప్పడం. విజయవాడ మనిషి, వయసులో నాకన్నా చాలా పెద్ద, బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఎలా మొదలుపెట్టాలో తెలియక టీ తాగుదాం రా అన్నాను. ఆయనే అన్నాడు, "నాకు తెలుసులే బాబూ, ఆర్నెల్లుగా మెషిన్ చప్పుడులో తేడా వచ్చింది, ఖాళీగా తిరిగే మెషిన్ చప్పుడు వేరు." రెండు నెలల జీతం ఇచ్చాను, అదీ రెండు విడతలుగా. ఇంకా ఎక్కువ ఇవ్వాల్సింది.

ఇక ఆ తర్వాత సంగతి. అప్పు తీరడానికి 2023 దాకా పట్టింది, బంగారం అందులో సగమే వెనక్కి వచ్చింది. ఆ మూడేళ్ళలో నేను నేర్చుకున్నవి చెప్పుకుంటే నవ్వొస్తుంది, నలభై దాటిన మగాడు నేర్చుకోవాల్సినవా ఇవి అని. ఒకటి డబ్బు అడగడం. సగం అడ్వాన్సు ఇస్తేనే ప్లేట్లు తీస్తాను అని చెప్పాలని నిర్ణయించుకున్నాను, మొదటి రోజు ఒకాయన ఎదురుగా నిలబడితే నోరు పెగల్లేదు, "మీ ఇష్టమండీ" అనేశాను. లోపల్నుంచి మా ఆవిడ వచ్చి "సగం ముందివ్వాలండీ, కాగితం తెచ్చుకోవాలి" అంది మామూలుగా, కూరగాయల ధర చెప్పినట్టు. ఆయన జేబులోంచి తీసిచ్చాడు. పద్నాలుగేళ్ళు నేను భయపడింది ఈ ఒక్క మాటకా అనిపించింది. అందరూ ఇవ్వలేదులెండి, కొందరు "పాతవాళ్ళ దగ్గర కూడానా" అని మళ్ళీ రాలేదు. అలా రానివాళ్ళ జాబితా రాసి చూస్తే, బాకీలున్నవాళ్ళ జాబితా, అదీ దాదాపు ఒకటే.

రెండోది ప్రూఫ్. ఇప్పుడు ప్రతి కార్డూ పైకి చదువుతాం, నేనూ డీటీపీ అమ్మాయీ, చదివాక కస్టమర్ చేత కాగితం మీద సంతకం. జనం మ్యాటర్ వాట్సాప్‌లో యూనికోడ్‌లో పంపుతారు, అది అనూలోకి మార్చేటప్పుడు వత్తులు ఎక్కడెక్కడో పోతాయి, కొందరు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పంపుతారు, ఆ పేరు "లత"నో "లతా"నో "లాత"నో ఫోన్ చేసి అడగాలి. నేను ఆరేళ్ళు ఆ ఫోన్లు ఎవరితోనో చేయించాను. ఇప్పుడు నేనే చేస్తాను.

శుభలేఖల పని తగ్గింది, అబద్ధం చెప్పను. ఒకప్పుడు ఎనిమిది వందలు, వెయ్యి కార్డులు వేయించుకునేవాళ్ళు రెండు మూడు వందలకి దిగారు, మిగతావాళ్ళకి ఫోన్‌లోనే పంపేస్తారు. ఆ ఫోన్ కార్డు నేను ఏళ్ళ తరబడి ఊరికే చేసిచ్చాను, "ఫైలే కదన్నా" అంటే అవును కదా అనుకుని. ఇప్పుడు దానికి ఐదు వందలు తీసుకుంటున్నాను. పక్కన ఇంకో చిన్న పని మొదలైంది, అనుకోకుండా. ఒక రిటైర్డ్ మాస్టారు తన పద్యాలు పుస్తకం వేసుకోవాలని వచ్చారు, వంద కాపీలే. వంద కాపీలకి ఆఫ్‌సెట్ గిట్టదు, కంపోజింగ్, ప్రూఫ్ నేను చేసి విజయవాడలో డిజిటల్‌లో వేయించి తెచ్చాను. పద్యాల ప్రూఫ్ చదవడం అంటే మాటలు కాదు, ఒక్క అక్షరం పోతే గణం పోతుంది, ఆయన పక్కన కూర్చుని యతి ఎక్కడ పడాలో చెప్పేవారు. మూడు వారాలు సాయంత్రాలు. మిగిలింది నాలుగు వేలు. ఆ తర్వాత అలాంటివి ఇంకో తొమ్మిది పుస్తకాలు వచ్చాయి. లెక్కప్రకారం ఇది బిల్లు పుస్తకాలకన్నా తక్కువ గిట్టుబాటు, మా ఆవిడ నోట్‌బుక్‌లో దీనికి వేరే పేజీ పెట్టి పైన "ఈయన సరదా" అని రాసింది.

అంకెలు అడుగుతారని చెప్తున్నాను. రెండు షాపులున్నప్పుడు నెలకి ఐదున్నర లక్షల బిల్లులు, చేతిలో ఏమీ లేదు, ఒక్కో నెల ఎదురు. ఇప్పుడు నెలకి లక్షా అరవై వేల బిల్లులు, అన్నీ పోను నలభై, నలభై ఐదు వేలు ఇంటికి. ఎనిమిదింటికి షట్టరు, సీజన్‌లో తప్ప. వ్యాపారం ఎలా ఉంది అని ఎవరైనా అడిగితే ఇదివరకు మెషిన్ల సంఖ్య చెప్పేవాణ్ణి, ఇప్పుడు, ఆ పాత బాకీలు వదిలేసి, కొత్త పనుల బాకీ బయట ఎంతుందో చూసుకుంటాను. పోయిన నెల పదకొండు వేలు ఉంది. అది నాకు బాగుంది అన్నట్టు.

అంటే పూర్తిగా తృప్తిగా ఉన్నానా అంటే, లేదు. బందరు రోడ్డు మీద నా స్నేహితుడి షాపు ముందు నుంచి బస్సులో వెళ్తే ఇప్పటికీ అటు చూడను. మా ఆవిడ పెదనాన్న ఏ ఫంక్షన్‌లో కనిపించినా ఆయన పక్క సీటు తప్పించుకుంటాను, ఆయన ఏమీ అనకపోయినా. మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు, వాడు "నాన్నా, మనం పెద్దగా ఎందుకు చెయ్యట్లేదు" అన్నప్పుడు నోట్‌బుక్ చూపించాను, వాడు చూశాడు, ఒప్పుకున్నట్టు మాత్రం కనపడలేదు. వాడి వయసులో నేనూ ఒప్పుకోను.

2024లో ప్రభుత్వం మారాక అమరావతి మళ్ళీ కదిలింది, 2025 మే నెలలో ప్రధాని వచ్చి పనులు తిరిగి మొదలుపెట్టారు. బ్రోచర్లు మళ్ళీ వచ్చాయి. అరండల్‌పేటలో అదే షెడ్డు ఖాళీగా ఉందని పాత ఓనరే ఫోన్ చేశాడు, అద్దె కొంచెం చూసుకుందాం అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, నిజం. పొద్దున లేచి నోట్‌బుక్ తీసి పద్నాలుగు రీముల పేజీ చూసుకుని ఓనర్‌కి వద్దని చెప్పాను. చెప్పాక కూడా ఒక వారం ఏదో పోగొట్టుకున్నట్టే ఉంది.

మొన్న ఒకతను కారులో వచ్చాడు, పది వేల బ్రోచర్లు కావాలని. నేను రేటు చెప్పాను, పని విజయవాడలో వేయించి తెస్తానని, సగం ముందివ్వాలని. అతను షాపంతా ఒకసారి కలయజూసి, గోడకి తిప్పి ఉన్న బోర్డు కూడా చూసి, "ఇంత చిన్న దానికి ఇన్ని రూల్సా అన్నా" అని నవ్వి వెళ్ళిపోయాడు. నాకు కోపం రాలేదని చెప్పను. టీ తెప్పించుకుని తాగాను.

అప్పటికి డీటీపీ అమ్మాయి ప్రూఫ్ తీసి పెట్టింది. శ్రావణంలో పెళ్ళి, ముహూర్తం రాత్రి 1.52. చదవడం మొదలుపెట్టి అక్కడ ఆగి, పెళ్ళికొడుకు తండ్రికి ఫోన్ చేశాను. "మీరు శుక్రవారం అని పంపారండీ. శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారమా? లేక గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారమా?" అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత "ఉండండుండండి, పంతులుగారిని అడిగి రేపు చెప్తాను" అన్నాడు. ప్లేటు రేపటికి ఆపమని అమ్మాయికి చెప్పి షట్టరు దించాను.